కొండ మీద పంటు

దూరపు కొండలు నునుపు అంటారు. మా కోనసీమ వాళ్లకు ఆ సామెత వినికిడి మీద తెలిసిందే కాని, అనుభవం మీద తెలిసింది కాదు. మాకు దూరపు కొండలు కూడా లేవు. కొత్తపేటలో ఏ డాబా ఎక్కి ఎటు చూసినా కొబ్బరి తలలే, వాటి వెనక మళ్లీ కొబ్బరి తలలే. నేను బళ్లో సాంఘికం చెబుతాను. కొండకూ గుట్టకూ పీఠభూమికీ తేడా ఏమిటో నల్లబల్ల మీద గీసి చూపిస్తాను. పిల్లలు నమ్ముతారు. వాళ్లకూ వేరే ఆధారం లేదు.

మా ఊరి చుట్టుపక్కల ఎత్తైన చోటు అంటే మొన్నటిదాకా కాలవ గట్టే. ఈమధ్య వంతెన వచ్చింది. ఆ వంతెనతోనే మా మావయ్యగారి పని పోయింది.

వంతెన లేని రోజుల్లో అక్కడ గోదావరి పాయ మీద పంటు నడిచేది. రెండు పెద్ద పడవలను పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరిచి, వాటి మీద కార్లూ ఆటోలూ మోటారు సైకిళ్లూ ఎక్కించి అవతలి రేవులో దింపేవారు. బళ్లను ఎక్కించి సర్దే పని మావయ్యగారిది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చింది కూడా ఆ పంటు మీదే. పెళ్లికారుకు కట్టిన పూల మూలంగా ఎదర ఏమీ కనపడక డ్రైవరు తటపటాయిస్తుంటే, పెళ్లికొడుకు తండ్రి పట్టుపంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, "రానీ, రానీ, ఇంకొంచెం రానీ, చాలు" అంటూ బానెట్ మీద అరచెయ్యి ఆనించి ఆపారు. కొత్తకోడలి మొహం చూడలేదు. టైరు చూశారు.

ఆయన లెక్క ఆయనకు ఉండేది. బరువు బండి మధ్యలో ఉండాలి. రెండు పక్కలా బరువు సమానంగా తూగాలి. ఖాళీ మాత్రం ఎక్కడా ఉండకూడదు. ఖాళీ ఉంటే బండి అటు జరుగుతుంది, బండి జరిగితే పంటు ఒరుగుతుంది. దారి వదలడం అనే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఇవతలి రేవులో ముందెక్కినవాడు అవతలి రేవులో ముందు దిగి తన దారిన తను పోతాడు. ఎవరూ వెనక్కి తిరిగే పని లేదు. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతి మీద ఒక్క సైకిలు కూడా నీళ్లలో పడలేదని రేవులో చెప్పుకునేవారు. ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఏరు దాటి తెప్ప తగలేశారని ఒక మాట ఉంది. మా వాళ్లు ఇంకా జాగ్రత్తపరులు. వంతెన అయ్యాక పంటును విప్పి ఇనుము ఇనుములోకీ, చెక్క పొయ్యిలోకీ పంపించారు.

ఆ తరువాత మావయ్యగారు కనపడినదల్లా సర్దడం మొదలుపెట్టారు. ఎవరింట పెళ్లి జరిగినా పందిరి పక్కన మోటారు సైకిళ్లు సర్దేవారు. మా ఇంటికి ఎవరు వచ్చినా వసారా మెట్ల దగ్గర చెప్పులు సర్దేవారు. అన్నిటి ముక్కులూ వీధివైపు, పెద్ద సైజులు మధ్యలో, చిన్నవి అంచుల్లో, వేలు దూరే సందు లేకుండా. ఒకసారి మా స్కూలు టీచర్లందరూ వచ్చారు. వాళ్లు కాఫీ తాగి లేచేసరికి వసారా అంతా చెప్పుల పంటు తయారై ఉంది. అడుగు పెట్టే చోటు లేక మా హెడ్మిస్ట్రెస్ గారు గుమ్మం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మావయ్యగారూ, మీరు కూర్చోండి. ఎవరి చెప్పులు వాళ్లు చూసుకుంటారు" అన్నాను, అందరి ముందూ.

"ఆయ్" అన్నారు. కూర్చున్నారు.

నిజంగానే కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువునూ కదపలేదు. మొదటి పంటు ఐదింటికి కాబట్టి నాలుగింటికి లేచే అలవాటు మాత్రం పోలేదు. లేచి కుర్చీలో కూర్చునేవారు. ఏం కావాలని అడిగినా "ఏమీ వద్దమ్మా" అనేవారు. నేను కోరుకున్న పద్ధతి అంతా ఇంట్లోకి వచ్చేసింది, నాకు మాత్రం అన్నం సహించడం మానేసింది. ఆయన దగ్గర మిగిలిన ఒక్క పనినీ నా నోరే లాక్కుందని నాకు తెలుసు. ఎలా తిరిగి ఇవ్వాలో తెలియలేదు. తప్పయిందండీ అంటే "దేనికమ్మా" అంటారు, అక్కడితో సరి.

కొండకు వెళ్దామన్నది నేనే. ఏజెన్సీలో ఉన్న ఆ కొండ పేరు చెప్పను, ఇప్పటికే అక్కడ బళ్లు పట్టడం లేదు. తెల్లారేసరికి పైకి ఎక్కితే మబ్బులు కాళ్ల కింద కనపడతాయని మా స్టాఫ్ రూములో సగం మంది ఫోన్లలో ఫొటోలు పెట్టుకుని తిరుగుతున్నారు. మా ఆయన అప్పుడే కారు కొన్నారు. మావయ్యగారిని కూడా రమ్మన్నాను.

"కొండ మీద మనకి పనేంటమ్మా?" అన్నారు.

"పనికి కాదండీ, చూడ్డానికి."

ఊరికే చూడ్డానికి ఎక్కడికైనా వెళ్లడం ఆయనకు కొత్త. కోడలు అడిగిందని వచ్చారు.

రాయవరం దాటి ఇంకా చాలా దూరం వెళ్లాక మొదటి కొండ కనపడింది. మా ఆయన కారు పక్కకు తీసి ఆపారు. ముగ్గురం దిగి, నిలబడి, గౌరవంగా చూశాం. అది గుట్ట అని, అసలు కొండలు ఇంకా ముందు ఉన్నాయని అక్కడ జీడిపిక్కలు అమ్మే ఆవిడ చెప్పింది. సాంఘికం టీచరునన్న సంగతి నేను ఆవిడకు చెప్పలేదు.

ఆ రాత్రి కొండ కింద లాడ్జిలో పడుకున్నాం. మావయ్యగారు లేచే వేళకు బయలుదేరాం కాబట్టి పార్కింగుకు మేమే మొదట చేరాం. కొండ నడుము దగ్గర చదును చేసిన ఎర్రమట్టి నేల అది. పొడుగ్గా, వెడల్పు తక్కువగా ఉంది. లోపలికి ఒక దారి. అవతలి కొస మంచులో కలిసిపోయి కనపడటం లేదు. మావయ్యగారు దిగి చాలాసేపు ఆ మంచు వైపు చూశారు.

"ఏరులాగుందమ్మా" అన్నారు.

నిజంగానే శీతాకాలం తెల్లవారుజామున మా పాయ మీద ఉండే మంచులాగే ఉంది. మా ఆయన గేటు పక్కనే కారు పెట్టబోతే మావయ్యగారు ఊరుకోలేదు. "ముందొచ్చినోడు ముందుకెళ్లాలి" అని కొసదాకా నడిపించారు. అక్కడ మోకాలెత్తున రాళ్ల వరస అడ్డంగా ఉంది, దాని అవతల తెల్లటి మంచు. పంటు కొసన బళ్లు నీళ్లలోకి పోకుండా ఒక అడ్డకర్ర వేసి, రేవు రాగానే తీసేవారు. ఆయన ఆ రాళ్లను కాలితో తట్టి చూశారు.

"దింపేటప్పుడు ఇయ్యి తీసేత్తారు గావాల" అన్నారు. మేం ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటున్నాం. ఆ మాటను ఎవరం పట్టించుకోలేదు.

పార్కింగు చూసుకునేది ఆ కొండ ఊరి మనిషి. మంకీ క్యాపు, మెడలో విజిలు. మేం కాలిబాట పట్టి వంద అడుగులు ఎక్కామో లేదో, కింద ఒక్కసారిగా బళ్లు వచ్చిపడ్డాయి. ఒకడు గేటులో అడ్డంగా ఆపి దిగిపోయాడు. వాడి వెనక టెంపో, టెంపో వెనక కార్లు, ఘాట్ రోడ్డు మలుపు దాకా. అందరూ హారన్లు కొడుతున్నారు. మంకీ క్యాపు మనిషి విజిలు ఊదుతున్నాడు. ఎవరిని ఆగమంటున్నాడో, ఎవరిని రమ్మంటున్నాడో అతనికే తెలియడం లేదు.

మావయ్యగారు ఆగిపోయారు. వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఆయన అరచేతులు తుండుగుడ్డ కింద కొంచెం కొంచెం కదులుతున్నాయి. తరువాత నా వైపు చూశారు. ఆ పెద్దమనిషి నన్ను అనుమతి అడుగుతున్నారని అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక సిగ్గుతో చచ్చిపోయాను.

"వెళ్లండి మావయ్యగారూ" అన్నాను.

"మీరు పదండమ్మా. ఇదొక్కటీ ఎక్కించేసి వచ్చేత్తాను."

మేం కదలలేదు, నిలబడి చూశాం. ఆయన దిగి, అడ్డంగా ఆపినవాణ్ణి పిలిచి మళ్లీ స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఆ కారు బానెట్ మీద అరచెయ్యి వేశారు. "రండి బాబూ, రానీ, రానీ, చాలు." ఆ కారు వెళ్లి మా కారు వెనక ముద్దు పెట్టుకునేంత దూరంలో ఆగింది. రెండో చెయ్యి ఎత్తి టెంపోను మధ్యలోకి పిలిచారు. హారన్లు ఆగిపోయాయి. ఎవరాయన అని ఎవరూ అడగలేదు. ఆ చేతిని చూస్తే అడగాలనిపించదు.

మంకీ క్యాపు మనిషి మాత్రం దగ్గరకు వచ్చి, "పెద్దాయనా, మధ్యలో దారి వదలాలండీ" అన్నాడు.

"మధ్యలో ఖాళీ ఉంచితే ఒరిగిపోద్దండి బాబూ" అన్నారు మావయ్యగారు.

అతను ఆలోచించాడు. కొండ ఒరిగే విషయం అతను అంతకుముందు ఆలోచించినట్టు లేడు. మెడలోంచి విజిలు తీసి ఇచ్చేసి, టీ తాగడానికి వెళ్లాడు.

పైకి ఎక్కడానికి గంట పైగా పట్టింది. మబ్బులు ఉన్నాయి, కాళ్ల కిందే ఉన్నాయి. పార్కింగులో మాకు ఏమీ కనపడనివ్వని మంచే పైనుంచి చూస్తే మబ్బు అవుతుందని నాకు అక్కడ తెలిసింది. అందరూ ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ తెల్లదనం అడుగు నుంచి విజిలు వినిపించింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి.

"అది నాన్నే. చాలు, ఆపమని" అన్నారు మా ఆయన. ఆయన చిన్నప్పుడు ఆ విజిలు విని అన్నానికి లేచేవారట, పంటు ఒడ్డుకు వచ్చిందంటే నాన్న ఇంటికి వస్తాడని. మబ్బులు బాగున్నాయి. నాకు ఆ విజిలు ఇంకా బాగుంది. ఎన్నాళ్ల తరువాతో ఆ రోజు నా మనసు తేలికపడింది.

దిగేటప్పటికి ఎండ వచ్చింది, మంచు విడిపోయింది. బాట మలుపులో పార్కింగు మొత్తం ఒకేసారి కనపడింది. అది పంటే. టెంపోలు మధ్యలో, కార్లు రెండు పక్కలా, మోటారు సైకిళ్లు అంచుల్లో, చెయ్యి దూరే సందు లేదు. బళ్లన్నీ ఒకే వైపు మొహం పెట్టి ఉన్నాయి. అవి మొహం పెట్టిన వైపు లోయ ఉంది.

మా ఆయన అక్కడే ఒక రాయి మీద కూర్చున్నారు.

మావయ్యగారు అవతలి కొసన, మా కారు ముందు, రాళ్ల వరస దగ్గర నిలబడి లోయలోకి చూస్తున్నారు. విజిలు చేతిలో ఉంది, నోట్లో లేదు. ఇవతల గేటు దగ్గర, ముందుగా వచ్చి ముందుగా దిగినవాళ్లందరూ పోగయ్యారు. వాళ్ల బళ్లు లోపలి కొసన ఉన్నాయి. వాటి వెనక ఉన్న బళ్లవాళ్లు కొండ మీద మబ్బులు చూస్తున్నారు. మంకీ క్యాపు మనిషి, "మామూలుగా ఇందులో ముప్ఫై పడతాయండి, ఈయన ఎనభై పట్టించేశాడు" అని అందరికీ చెబుతున్నాడు. అది ఫిర్యాదో మెప్పో తెలియలేదు.

మేం గేటు దగ్గరకు దిగేసరికి తోలు జాకెట్టు వేసుకున్న ఒకాయన ఊగిపోతున్నాడు. "ఎవడండీ ఆ ముసలాడు? ఎవరు పెట్టారు ఇతన్ని ఇక్కడ?" అని నా వైపు తిరిగి, "మీకేమైనా తెలుసా మేడం ఇతనెవరో?" అన్నాడు.

మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడి కొండ శిఖరం వైపు చూస్తున్నారు, ఇంతవరకు దాన్ని చూడనట్టు. నాకు ఒంటికాలి మీద నిలబడిన హెడ్మిస్ట్రెస్ గారు గుర్తుకు వచ్చారు. తెలియదండీ అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది, దాచను. అంతలో మావయ్యగారు ఇటు తిరిగారు. నన్ను చూశారు. చూసి, ఎరగనట్టు మళ్లీ లోయవైపు తిరిగిపోయారు. అంతమంది ముందు కోడలికి తల వంపులు రాకూడదని.

"మా మావయ్యగారండి" అన్నాను. క్లాసులో చివరి బెంచీకి వినపడే గొంతుతోనే అన్నాను.

కార్ల సందుల్లోంచి అడ్డంగా నడిచి, రెండు అద్దాలకు చీర తగిలించుకుని, ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన నా వైపు చూడకుండా చెప్పారు.

"అవతల ఒడ్డు ఉందనుకున్నానమ్మా."

ఆ మాటలో ఏడుపు లేదు, సాకు లేదు. లోతు ఇంత అనుకున్నాను, ఇంత కాదు అని చెప్పినట్టు చెప్పారు. ఏడుపు నాకు వచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుని అడిగాను.

"మీ పంటు ఎప్పుడైనా అవతలికి చేరకుండా వెనక్కి వచ్చేసిందా మావయ్యగారూ?"

"ఎందుకు రాదమ్మా. నీళ్లు తీసేత్తే ఇసకమేట తగిలేది. మళ్లీ ఇవతలికే తెచ్చేవోళ్లం."

"అప్పుడు బళ్లు ఎలా దింపేవారు?"

అప్పుడు నా వైపు తిరిగారు. "కడాన ఎక్కినోణ్ణి ముందు దింపాలి. ఎనక్కి."

"అయితే దింపండి."

విజిలు తుండుగుడ్డతో తుడిచి నోట్లో పెట్టుకున్నారు.

ఎనభై బళ్లలో ఏది ఎప్పుడు ఎక్కిందో ఆయనకు గుర్తుంది. "కడాన ఎక్కింది పసుపు టెంపో అండి. డ్రైవరు కిళ్లీకెళ్లేరు, పిలవండి. దాని ముందు తెల్లకారు, చంటిబిడ్డ తల్లిగారిది. ఆవిడ పైకెళ్లలేదు, ఆ చెట్టు కింద ఉంటారు." వాళ్లు నిజంగానే అక్కడే ఉన్నారు. ఇంకా కొండ మీద ఉన్నవాళ్ల కోసం ఆగాల్సి వచ్చిన ప్రతిసారీ ఆయన గేటు దగ్గరకు వచ్చి, "తప్పు నాదేనండి. రవ్వంత ఓపిక పట్టండి" అని ఒక్కొక్కరికీ విడిగా చెప్పారు. తిట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా చివరకు "పర్లేదులెండి" అన్నారు. అండీ అండీ అంటున్న మనిషిని తిట్టడం కష్టం, మధ్యలో ఆగిపోతుంది.

తోలు జాకెట్టు ఆయన కారు సరిగ్గా మా కారు వెనకది, గేటులో అడ్డంగా ఆపినది. అంటే చివరి నుంచి రెండోది. పదకొండింటికి ఆయన జాకెట్టు విప్పి భుజాన వేసుకున్నాడు. పన్నెండింటికి ఎవరిదో కారు డిక్కీ మీద అరచెయ్యి ఆనించి, "రానీ, రానీ, చాలు" అంటున్నాడు.

అన్ని బళ్లూ వెనక్కి నడిచి బయటపడ్డాయి. ఒక్క గీత పడలేదు. ముందెక్కిన పాపానికి మా కారు అందరికన్నా చివర దిగింది. మంకీ క్యాపు మనిషి విజిలు తిరిగి తీసుకుంటూ, "వచ్చే ఆదివారం ఖాళీయేనా పెద్దాయనా? మధ్యలో దారి వదులుదురుగాని" అన్నాడు. మావయ్యగారు నవ్వారు. ఆయన పళ్లు చూసి చాలాకాలమైంది.

ఘాట్ రోడ్డు దిగుతుండగా అడిగారు, "పైన ఏముందమ్మా?"

"మబ్బండి. పొద్దున్న మీరు కింద చూశారే, అదే."

"అయితే చూసేసేనన్నమాట" అని కళ్లు మూసుకున్నారు. మా వంతెన దాటేదాకా లేవలేదు.

ఆ ఆదివారం మా టీచర్లు కొండ ఫొటోలు చూడ్డానికి వచ్చారు. అందరి ముందూ అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. కాఫీ గ్లాసులు పట్టుకుని వసారాలోకి వచ్చి, "మావయ్యగారూ, చెప్పులు అడ్డదిడ్డంగా ఉన్నాయండీ, కొంచెం చూస్తారా?" అన్నాను.

"ఆయ్" అని లేచారు.

వాళ్లు వెళ్లేటప్పుడు చూశాను. ముక్కులు వీధివైపే ఉన్నాయి. పెద్దవి లోపలికి, చిన్నవి అంచులకు, ఎప్పటిలాగే. కాని రెండు వరసల మధ్యన, గుమ్మం నుంచి మెట్ల దాకా, మూరెడు వెడల్పున దారి వదిలి ఉంది. హెడ్మిస్ట్రెస్ గారు రెండు కాళ్ల మీదా నడిచి వెళ్లి చెప్పులు తొడుక్కున్నారు.

"భలే సర్దేరండీ" అన్నారు ఆవిడ.

"ఇక్కడ ఒకటే ఒడ్డు కదండీ" అన్నారు మావయ్యగారు.